రేడియోకు వేరే ఎర్తింగ్ పెట్టాలా, ఇంటి ఎర్తింగ్‌తో కలపాలా? (హనుమకొండ, పై అంతస్తు స్టేషన్)

గుట్టకింది స్టేషన్ (హనుమకొండ):

అందరికీ నమస్కారం. పద్మాక్షి గుట్టకు దగ్గరగా ఉన్న మా ఇంట్లో, పై అంతస్తు వెనుక గదిలో ఇటీవలే అమెచ్యూర్ (హ్యామ్, అంటే అభిరుచి కొద్దీ నడిపే) రేడియో స్టేషన్ పెట్టుకున్నాను. వంద వాట్ల హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) ట్రాన్స్‌సీవర్, దానికి 13.8 వోల్టులిచ్చే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), డాబా మీద ఒక జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు, ఆ పైపు కొసన 7, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్ల కోసం ఒకే ఫీడ్ పాయింట్‌కు (కేబుల్ తగిలే చోటుకు) కట్టిన ఇన్వర్టెడ్ వీ డైపోల్స్ (రెండు తీగ చేతులూ కిందికి వాలి ఉండే యాంటెన్నాలు) ఉన్నాయి. ఇల్లు పాతది. ఎర్తింగ్ గుంత ఇంటి ముందు మీటరు పక్కన ఉంటే, రేడియో గది దానికి ఎదురు మూలన ఉంది.

మొదట్లో రేడియో బాడీ మీద చేయి వేస్తే సన్నగా చిమచిమలాడేది. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి, కింద హాల్లోని సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూశారు. అది నిండుగా వెలగడంతో ఇంటి ఎర్తింగ్ బాగానే ఉందని, రేడియోకు మాత్రం సొంత ఎర్తింగ్ కావాలని, దాన్ని ఇంటి ఎర్తింగ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదని చెప్పారు. పెరట్లో ఒక ఇనుప కడ్డీ దిగ్గొడితే నాలుగు అడుగుల లోతులో బండ తగిలింది. ఆ కడ్డీ నుంచి రేడియో దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగారు; దాని పొడవు పది మీటర్లు దాటుతుంది. చిమచిమ పోయింది. అయితే ఇప్పుడు 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడేటప్పుడు మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటోంది. 14 మెగాహెర్ట్జ్‌లో అటువంటిదేమీ లేదు.

అమెరికా హ్యాముల వీడియోలన్నీ ఎర్త్ కడ్డీలన్నింటినీ ఇంటి ఎర్తింగ్‌తో కలిపి తీరాలని చెబుతున్నాయి. ఎవరి మాట సరైనది? ఎండాకాలం చివర గాలిదుమారంతో ఉరుములు మొదలయ్యేలోగా ఈ పని సరిగ్గా పూర్తి చేయాలనుకుంటున్నాను.

రిలే గది (హనుమకొండ, విశ్రాంత ఇంజినీరు):

మీ ప్రశ్నలో మూడు విషయాలు కలిసిపోయి ఉన్నాయి: మనిషికి షాక్ తగలకుండా కాపాడే ఎర్తింగ్, పిడుగు ప్రవాహానికి దారి చూపే ఎర్తింగ్, రేడియో తరంగాలకు సంబంధించిన ఎర్తింగ్. మూడింటి అవసరాలు వేరు, కొలతలు వేరు. అయినా ఒకే ఇంట్లో అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండకూడదు. మూడోదాని గురించి హెచ్‌ఎఫ్ అనుభవం ఉన్నవారు చెబుతారు. నేను మొదటి రెండింటికే పరిమితమవుతాను.

ముందుగా చిమచిమ సంగతి చూద్దాం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చొప్పున రెండు చిన్న కెపాసిటర్లు లోహపు బాడీకి కలిపి ఉంటాయి. బాడీకి ఎర్త్ అందకపోతే అవి 230 వోల్టులను సగానికి పంచి, బాడీని సుమారు 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి. ప్రవాహం ఒక మిల్లీఆంపియర్ కంటే తక్కువ కాబట్టి ప్రమాదం ఉండదు, వేళ్లకు మాత్రం తెలుస్తుంది. ఎర్త్ అందుతున్న సాకెట్‌లో ఇలా జరగదు. పెరటి కడ్డీ తగిలించాకే చిమచిమ పోయిందంటే, మీ రేడియో గది సాకెట్‌లోని పెద్ద రంధ్రం వెనుక ఎర్త్ తీగ లేదు, లేదా ఎక్కడో తెగి ఉంది. పరీక్ష జరిగింది కింది హాల్లో. సమస్య ఉన్నది పై గదిలో.

ఆ బల్బు పరీక్ష కూడా నమ్మదగినది కాదు. వంద వాట్ల బల్బు తీసుకునేది 0.43 ఆంపియర్లు మాత్రమే. ఎర్తింగ్ నిరోధం 35 ఓంలు ఉన్నా ఆ గుంత దగ్గర పోయేది దాదాపు 14 వోల్టులే కాబట్టి బల్బు నిండుగానే వెలుగుతుంది. అదే 35 ఓంల ఎర్తింగ్ మీదికి నేరుగా ఫేజ్ తగిలితే 230ని 35తో భాగించగా వచ్చేది ఆరున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ (ప్రవాహం మితిమీరితే పడిపోయే స్విచ్చు) దానికి ఎన్నటికీ పడిపోదు, బాడీ మాత్రం పూర్తి వోల్టేజీలో ఉండిపోతుంది. నాలుగు అడుగులకే బండ తగిలిన మీ కడ్డీ నిరోధం ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే ఈ రోజు మీ ఎస్‌ఎంపీఎస్‌లో ఇన్సులేషన్ దెబ్బతింటే ఏ ఫ్యూజూ పోదు, ఏ స్విచ్చూ పడదు, రేడియో మాత్రం ప్రాణం తీసే స్థితిలో ఉంటుంది. మిగతా పనులన్నీ ఆపి, మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. అది ఫేజ్‌లో వెళ్లిన ప్రవాహాన్ని న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదానితో పోల్చి, తేడా వస్తే కోసేస్తుంది. ఎర్తింగ్ నిరోధం వందల ఓంలున్నా పని చేస్తుంది కాబట్టి మన బండ నేలకు ఇంతకు మించిన రక్షణ లేదు. దానితో పాటు పై గది సాకెట్‌కు మెయిన్ బోర్డు నుంచి ఎర్త్ తీగ కొత్తగా లాగించండి.

ఇక వేరుగా ఉంచాలన్న సలహా. ఎలక్ట్రీషియన్లలో ఈ నమ్మకం బలంగా ఉంది, ఒకచోటి దోషం మరోచోటికి పాకకూడదన్న మంచి ఉద్దేశంతోనే చెబుతారు. అయితే పిడుగు సంగతి ఆలోచించండి. మీ యాంటెన్నా పైపు మీద పడ్డ పిడుగులో పది వేల ఆంపియర్లు పెరటి కడ్డీలోకి దిగాయనుకుందాం. ఆ కడ్డీ 35 ఓంలే అనుకున్నా, అక్కడి నేల మట్టం మూడున్నర లక్షల వోల్టులకు లేస్తుంది. ఇంటి ముందున్న గుంత మాత్రం దాదాపు సున్నాలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దారి ఒక్కటే: కడ్డీ నుంచి రేడియో బాడీకి, అక్కడి నుంచి ఎస్‌ఎంపీఎస్ గుండా ఇంటి వైరింగ్‌కు. కాకతీయుల గొలుసు చెరువుల్లో ఎగువ చెరువు నీరు దిగువకు తూము గుండా దిగినట్టు, ఆ ప్రవాహమంతా మీ రేడియో గుండా దిగుతుంది. రెండు ఎర్తింగ్‌లనూ ఇంటి బయటే బలమైన పట్టీతో కలిపితే రెండూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. మధ్యలో ఉన్న రేడియో గుండా ప్రవహించే అవసరం చాలా మేరకు తగ్గిపోతుంది. నిరోధాన్ని ఎన్ని ఓంలకు దించామన్నదానికంటే, ఇంట్లోని లోహమంతా ఒకే వోల్టేజీలో ఉందా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం.

మానేరు తరంగాలు (కరీంనగర్):

ఇంజినీరు గారు చెప్పిన రెండింటితోనూ ఏకీభవిస్తూ, మైకు చురక గురించి రాస్తున్నాను. మీరు ఇచ్చిన వివరాల్లోనే దీని కారణం ఉంది. 7.1 మెగాహెర్ట్జ్ తరంగ దైర్ఘ్యంలో నాలుగో వంతు సుమారు పదిన్నర మీటర్లు. పెరట్లోకి దిగిన మీ తీగ దాదాపు అంతే ఉంది. పావు తరంగం పొడవున్న తీగ కింది కొస నేలను తాకితే, పై కొస నేలతో సంబంధం లేనట్టుగా ప్రవర్తిస్తుంది, అక్కడ ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది. ఆ పై కొస మీ రేడియో. 14.2 మెగాహెర్ట్జ్‌కు వచ్చేసరికి అదే తీగ అర తరంగం అవుతుంది కాబట్టి కింద ఉన్న స్థితి పైనా కనిపిస్తుంది, చురక ఉండదు. పై అంతస్తులో ఉన్నవారు ఎవరైనా, ఎంత మంచి గుంత తవ్వించినా, ఏదో ఒక బ్యాండులో ఈ పరిస్థితి ఎదుర్కొంటారు. మందమైన తీగ వేసినా తీరేది కాదు.

అసలు చూడవలసింది ఆ ఆర్ఎఫ్ రేడియో దాకా ఎలా వచ్చిందన్నది. డైపోల్‌కు రెండు చేతులూ ఉన్నాయి, అది పని చేయడానికి నేల అవసరం లేదు. అయితే సమతూకంగా ఉండే డైపోల్‌కు కోయాక్స్ (మధ్య తీగ చుట్టూ లోహపు జల్లెడ ఉండే యాంటెన్నా కేబుల్) నేరుగా తగిలిస్తే, కోయాక్స్ జల్లెడ బయటి ఉపరితలం మూడో చేయిగా మారి, ప్రవాహాన్ని గది దాకా మోసుకొస్తుంది. దీన్ని ఫీడ్ పాయింట్ దగ్గరే ఆపాలి. 31 రకం ఫెరైట్‌తో (అయస్కాంత గుణమున్న పింగాణీ వంటి పదార్థంతో) చేసిన 240 సైజు రింగు మీద ఆర్‌జీ-58 కేబుల్‌ను పది పన్నెండు చుట్లు చుట్టి, ఎండకు, వానకు తట్టుకునే డబ్బాలో పెట్టి పైపు కొసన బిగించండి. వీలైతే గదిలోకి వచ్చే చోట రెండోది పెట్టండి. కోయాక్స్‌ను డైపోల్ చేతులకు సమాంతరంగా కాకుండా, వాటి నుంచి నిలువుగా కిందికి దించండి.

గది లోపల రేడియో, ఎస్‌ఎంపీఎస్, ట్యూనర్, కంప్యూటర్ బాడీలన్నింటినీ బల్ల వెనుక ఒక రాగి పట్టీకి, ఒక్కొక్కదానికీ సొంత పొట్టి తీగతో కలపండి. ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసుగా లాగకండి. ఆర్ఎఫ్ పూర్తిగా పోకపోయినా, బాడీల మధ్య తేడా లేనప్పుడు మైకు చురుక్కుమనడం, కంప్యూటర్ శబ్దంలో గురగుర రావడం బాగా తగ్గుతాయి. నా అభిప్రాయంలో పై అంతస్తు స్టేషన్లకు ఆర్ఎఫ్ ఎర్త్ కోసం వెతకడం కంటే ఈ రెండు పనుల మీద డబ్బు, శ్రమ పెట్టడం మేలు. ఎండ్ ఫెడ్ తీగలు (ఒక కొసన కేబుల్ తగిలించే యాంటెన్నాలు) వాడేవారి లెక్క వేరు. వారికి కౌంటర్‌పాయిస్ (యాంటెన్నాకు రెండో చేయిగా పనిచేసే తీగ) తప్పనిసరి.

గుట్టకింది స్టేషన్:

ఇద్దరికీ ధన్యవాదాలు. రేపే ఆర్‌సీసీబీ సంగతి చూస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. అమెరికా వీడియోల్లో మెయిన్ బోర్డు దగ్గర ఎర్త్‌ను న్యూట్రల్‌తో కూడా కలిపి చూపిస్తున్నారు. మనమూ అలా చేయాలా? ఇంటి ముందున్న గుంతకూ పెరటి కడ్డీకీ మధ్య ప్రహరీ వెంట సుమారు 15 మీటర్లు ఉంటుంది. ఇంత దూరం దేనితో కలపాలి?

రిలే గది:

న్యూట్రల్‌తో ఎంతమాత్రం కలపకండి. వారి ఇళ్లలో ప్రవేశ బోర్డు దగ్గర న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలపడం ఆ దేశపు పద్ధతి, దానికి తగిన ఏర్పాట్లు వారికి ఉంటాయి. మన దగ్గర న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ చేస్తారు. ఇంటికి ఫేజ్, న్యూట్రల్ మాత్రమే వస్తాయి, ఎర్త్ మన గుంత నుంచి వస్తుంది. ఇక్కడ రెండింటినీ కలిపి ఉంచితే, గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగిన రోజున, ఇంట్లో వెలుగుతున్న బల్బు గుండా, తిరుగుతున్న ఫ్యాన్ గుండా ఫేజ్ వచ్చి ఎర్త్ తీగలోకి ఎక్కుతుంది. అప్పుడు ఫ్రిజ్ తలుపు, గీజర్ నల్లా, మీ డాబా మీది యాంటెన్నా పైపు అన్నీ కరెంటుతోనే ఉంటాయి. కొన్ని పాత ఇళ్లలో సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి ఎర్త్ రంధ్రానికి చిన్న తీగ వేసి వదిలేస్తారు. బల్బు పరీక్షలో అది అద్భుతమైన ఎర్తింగ్‌లా కనిపిస్తుంది. ప్రతి సాకెట్‌నూ తెరిచి చూడండి.

15 మీటర్ల దూరం మీకు అడ్డంకి కాదు, నిజానికి కలిసొచ్చే విషయం. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న జీఐ పట్టీని ప్రహరీ వెంట అర మీటరు లోతు కాలువ తవ్వి పూడ్చండి. పూడ్చిన పట్టీ తానే ఒక ఎలక్ట్రోడ్ (ప్రవాహాన్ని నేలలోకి దించే లోహం) అవుతుంది. ఎర్తింగ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 3043లోని సూత్రాలతో లెక్క వేసి చూస్తే, మట్టి రెసిస్టివిటీ (ప్రవాహానికి మట్టి చూపే అడ్డంకి) 100 ఓం-మీటర్లు అనుకున్నప్పుడు, రెండున్నర మీటర్ల లోతుకు నిలువుగా దించిన 40 మిల్లీమీటర్ల పైపు సుమారు 35 ఓంలు ఇస్తే, అడ్డంగా పూడ్చిన 15 మీటర్ల పట్టీ దాదాపు 11 ఓంలు ఇస్తుంది. ఇది లోతంతా ఒకే మట్టి ఉన్న నేలకు వేసిన లెక్క. కింద బండ ఉన్న మీ పెరట్లో అంత తక్కువ రాదు, పైగా మే నెలలో పైపొర ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. అయినా పైన మూడు నాలుగు అడుగుల చెలక మట్టి, దాని కింద రాయి ఉన్న చోట లోతుకు దిగడానికి పోరాడటం కంటే అడ్డంగా పరచడమే తెలివైన పని. బండ తగిలిన చోట కడ్డీని కోసి వదిలేయకుండా, ఏటవాలుగా మళ్లీ దించి చూడండి.

ఎన్ని ఓంలు వచ్చిందో తెలుసుకోవాలంటే మల్టీమీటరు పనికిరాదు. రెండు చిన్న మేకులను దూరంగా పాతి కొలిచే ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరును పిలిపించి, ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి వానల తర్వాత కొలిపించండి.

రేగడి రేడియో (పరకాల):

మాది నల్లరేగడి. తడిగా ఉన్నప్పుడు ఒక్క పైపుతోనే మంచి కొలత వస్తుంది. కానీ ఎండల్లో ఈ నేల నెర్రెలిచ్చి, పైపు చుట్టూ వేలు పట్టేంత ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు కొలిస్తే అంకె పూర్తిగా మారిపోతుంది. కాబట్టి మా వైపు వారు చుట్టూ బెంటొనైట్ (తేమను పట్టి ఉంచే బంకమట్టి) నింపడం మంచిది. ఉప్పు, బొగ్గు వేసే పాత పద్ధతి మొదటి ఏడాది బాగా కనిపిస్తుంది. వానలకు ఉప్పు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ జీఐ పైపును తినేస్తుంది.

ఇంకో మాట. జీఐ పట్టీకి రాగి తీగను నేలలో నేరుగా బిగించకండి. తేమలో ఆ రెండు లోహాలు కలిసినచోట జింకు పూత ముందుగా కరిగిపోయి, అతుకు తుప్పు పట్టి, పైకి బిగుతుగా కనిపిస్తూనే లోపల తెగిపోతుంది. అతుకును నేల మీద, ఇటుకల గూడులో, మూత తీసి చూడగలిగే చోట పెట్టి, తగరం పూసిన లగ్గు (తీగ కొసకు బిగించే లోహపు ముక్క), స్టెయిన్‌లెస్ స్టీలు వాషర్ వాడండి. ఏడాదికోసారి విప్పి చూడండి.

యశ్వంతాపూర్ వాగు (జనగామ):

పిడుగు విషయంలో ఇంకొక అడుగు ముందుకు వెళ్లాలి. తిన్నని తీగకు మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (ప్రవాహపు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. పిడుగు ప్రవాహం మైక్రోసెకనుకు పది వేల ఆంపియర్ల వేగంతో పెరిగితే, ఓంలతో సంబంధం లేకుండా, ప్రతి మీటరు తీగ మీదా పది వేల వోల్టులు పుడతాయి. ఇంజినీరు గారు చెప్పిన 15 మీటర్ల పట్టీ తప్పనిసరే, కానీ ఆ తొలి క్షణంలో దాని రెండు కొసలూ ఒకే వోల్టేజీలో ఉండవు. అందువల్ల రేడియో గదిలోకి వచ్చే ప్రతి తీగా ఒకే చోట కలవాలి.

ఆచరణలో ఇలా చేయండి. రేడియో గది కిటికీకి దిగువన, బయటి గోడ మీద ఒక రాగి లేదా అల్యూమినియం పలక బిగించండి. ప్రతి కోయాక్స్‌కూ గ్యాస్ ట్యూబ్ ఉన్న అరెస్టర్‌ను (అధిక వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించే పరికరాన్ని) ఆ పలక మీదే అమర్చండి. రేడియోకు వెళ్లే 230 వోల్టుల లైనుకు కూడా ఒక సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ పెట్టి, దాని ఎర్త్ కొసను అదే పలకకు చేర్చండి. బల్ల వెనుక రాగి పట్టీ నుంచి కూడా ఒక వెడల్పాటి పట్టీ ఇక్కడికే రావాలి. పలక నుంచి కిందికి జీఐ పట్టీ గోడ బయటి నుంచే తిన్నగా దిగి పెరటి ఎలక్ట్రోడ్‌ను చేరాలి. ఎక్కడైనా వంచక తప్పకపోతే లంబకోణంలో కాకుండా విశాలమైన వంపుతో తిప్పండి. డాబా మీది పైపు నుంచి మరో పట్టీ విడిగా అదే ఎలక్ట్రోడ్‌కు దిగాలి. అల్లిన జడ తీగ గది లోపల బాగుంటుంది, బయట వానకు నల్లబడి పాడవుతుంది.

ఇన్ని చేసినా నేరుగా పడ్డ పిడుగుకు హామీ ఇవ్వలేం. ఇవి ముఖ్యంగా దగ్గర్లో పడ్డ పిడుగుల వల్ల తీగల్లో పుట్టే వోల్టేజీల నుంచి కాపాడతాయి, మన ఇళ్లలో పరికరాలు ఎక్కువగా పోయేది వాటి వల్లే. కాబట్టి రేడియో వాడనప్పుడు కోయాక్స్‌ను బయట పలక దగ్గరే విప్పే అలవాటు చేసుకోండి. విప్పిన కొసను గదిలో వేలాడదీస్తే పిడుగును గదిలోకి పిలిచినట్టే అవుతుంది. మబ్బు కమ్ముకొచ్చి ఉరుములు వినిపించడం మొదలయ్యాక మాత్రం ఆ కేబుల్ జోలికి వెళ్లకండి. ఆ సమయంలో రేడియో పోయినా పరవాలేదు.

గుట్టకింది స్టేషన్:

పని మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న. ఈ పట్టీలన్నీ కలిపాక ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతూ ఉంటుందని ఎలక్ట్రీషియన్ భయపెడుతున్నారు. అది నిజమేనా?

రిలే గది:

సక్రమంగా ఉన్న వైరింగ్‌లో పడిపోదు. ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్ల లీకేజీ మిల్లీఆంపియర్ కంటే తక్కువ, ఇంట్లో అలాంటివి నాలుగైదు ఉన్నా 30 దరిదాపుల్లోకి రాదు. బాండింగ్ చేశాక (ఎర్తింగ్‌లన్నీ కలిపాక) పడిపోతోందంటే, ఆర్‌సీసీబీ తర్వాత ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌ను తాకుతోందన్నమాట, లేదా ఏదో ఒక పరికరంలో ఇన్సులేషన్ పోయిందన్నమాట. ఇంతకుముందు నేను చెప్పిన సాకెట్ లోపలి చిన్న తీగే ఎక్కువ సార్లు కారణం అవుతుంది. ఆర్‌సీసీబీని తీసేయమని ఎవరు చెప్పినా వినకండి.

పని వరుస కూడా పాటించండి. ముందు ఆర్‌సీసీబీ పెట్టి, టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఆ బటన్ ఆర్‌సీసీబీ యంత్రాంగాన్ని పరీక్షిస్తుంది తప్ప మీ ఎర్తింగ్‌ను కాదని గుర్తుంచుకోండి. తర్వాత పై గదికి కొత్త ఎర్త్ తీగ వచ్చాక, పెరటి కడ్డీ తీగను రేడియో నుంచి విప్పి, చిమచిమ మళ్లీ వస్తుందేమో గమనించండి. రాకపోతే సాకెట్ ఎర్త్ అందుతున్నట్టే. ఆపైన ప్రహరీ వెంట పట్టీ పూడ్చి, మెయిన్ స్విచ్ ఆపి, రెండు కొసలూ బిగించి, తిరిగి కరెంటు ఇవ్వండి. అప్పుడు పడిపోతే ఎంసీబీలన్నీ దించి ఒక్కొక్కటిగా ఎత్తుతూ వెళ్తే దోషం ఉన్న సర్క్యూట్ దొరుకుతుంది. అన్నీ దించినా పడిపోతుంటే న్యూట్రల్ తీగలను బార్ (బోర్డులో అవన్నీ కలిసే పట్టీ) నుంచి ఒక్కొక్కటిగా విప్పి చూడవలసి ఉంటుంది, ఆ పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.